అస్తరూ, నీళ్ళ పత్తెమూ

పెళ్ళి భోజనాల్లో నా పక్కన కూర్చోవడానికి చుట్టాలు తెగ ఉబలాటపడతారు, నేనేం ఆపరేషన్లు చేస్తానో తెలియనంత వరకు. పిల్లల సర్జన్ అనగానే వాళ్ళకు గుండెలూ మెదళ్ళూ కళ్ళ ముందు మెదులుతాయి కాబోలు, "ఎక్కువగా ఏం ఆపరేషన్లు చేస్తావమ్మా?" అని ఆసక్తిగా అడుగుతారు. నాకు దాచడం చేతకాదు, దాచాలనీ లేదు. "కొందరు మగపిల్లలకు ఉచ్చ పోసే దారి సరిగ్గా ఉండదు పిన్నీ, అది బాగుచేస్తాను" అంటాను. పిన్ని వెంటనే సాంబారులో ఉప్పు తక్కువైందని మాట మార్చేస్తుంది. నేను జీవితమంతా నేర్చుకున్న విద్య ఇలా సాంబారు దగ్గర ఆగిపోవడం నాకు ఒళ్ళు మంట. చదివేవాళ్ళు విస్తరి ముందు ఉండరన్న ధైర్యంతో ఇక్కడ పూర్తిగా చెబుతాను.

కొందరు మగపిల్లలకు పుట్టుకతోనే మూత్రం వచ్చే రంధ్రం కొనన ఉండకుండా కింది వైపు ఎక్కడో ఉంటుంది. ప్రాణానికి ముప్పేమీ లేదు. కానీ ఆ పిల్లవాడు అందరిలా నిలబడి పోసుకోలేడు. పోసుకుంటే కాళ్ళ మీద పడుతుంది, నిక్కరు తడుస్తుంది. ఆపరేషన్‌లో మేము అక్కడున్న చర్మంతోనే కొనదాకా ఒక సన్నటి గొట్టం కుడతాం. కుట్టడం ఒక ఎత్తు, అది నిలవడం ఇంకో ఎత్తు. మూత్రమంత మొండిది లేదు. కుట్టులో వెంట్రుకవాసి సందు దొరికినా అందులోంచి కారడం మొదలుపెడుతుంది. అలా పక్కన ఇంకో రంధ్రం పడిందంటే మా పని మళ్ళీ మొదటికి వచ్చినట్టే.

అందుకని కుట్టిన గొట్టానికీ పైచర్మానికీ మధ్య, ఆ పిల్లవాడి ఒంట్లోంచే తీసిన ఇంకో పలుచటి పొర కప్పుతాం. లోపలి కుట్టూ పై కుట్టూ ఒకదాని మీద ఒకటి పడకుండా అది అడ్డుంటుంది. మాది బెంగళూరులో తరతరాలుగా మగ్గం నమ్ముకున్న ఇల్లు. బట్టల మధ్య పెరిగినదాన్ని కాబట్టి నాకది మొదటి రోజునుంచీ బట్ట లోపల వేసే అస్తరే. రవికె కుట్టే మనిషికి అస్తరు విలువ ఎంత తెలుసో మా సర్జన్లకూ అంతే తెలుసు. దానికి ఏ గుడ్డ వాడాలన్న దగ్గరే పేచీ. ఆ పేచీలో నేను చూసిన ఇద్దరు గొప్పవాళ్ళ గురించే ఇదంతా.

తొంభైల చివర్లో నేను ఈ పని నేర్చుకున్నది ఊరి మధ్యనున్న ఒక పెద్ద ఆసుపత్రిలో, ఒక ప్రొఫెసరమ్మ దగ్గర. ఆమెను అందరూ మేడం అనేవాళ్ళు. కన్నడావిడ, పొట్టి మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడిన వయసు. భూతద్దాల కళ్ళజోడు పెట్టుకుని స్టూలు మీద కూర్చుందంటే మూడేళ్ళ పిల్లవాడి ఒంటి మీద కంటికి ఆనని దారంతో, తొందర లేకుండా, చెయ్యి వణక్కుండా కుట్టుకుపోయేది. చర్మాన్ని ఫోర్సెప్స్‌తో నొక్కి పట్టుకుంటే ఆమెకు ఒళ్ళు మండేది. "అది పిల్లవాడి చర్మం, బట్టలారేసే క్లిప్పు పెట్టడానికి కాదు" అని నా చేతి మీద ఒకటి తగిలించేది. అంచున ఒక దారం వేసి, ఆ దారంతో మాత్రమే చర్మాన్ని ఎత్తమనేది. మొదట్లో నాకు రోషం వచ్చేది. ఆమె కుట్టిన పిల్లల గాయాలు ఎంత శుభ్రంగా మానేవో చూశాక నా రోషం సిగ్గుపడి పోయింది.

ఆమె వాడే అస్తరు అక్కడికక్కడే దొరికేది. ఈ పిల్లలకు ముందోలు కింది వైపు ఉండదు, పై వైపు ముసుగులా పోగుపడి ఉంటుంది. ఆ ముసుగు లోపల, చర్మం కింద, డార్టస్ అనే పలుచటి పొర ఒకటుంటుంది. మేడం దాన్ని చర్మం నుంచి విడదీసి, దీపానికి ఎదురుగా ఎత్తి, "నోడమ్మా, నెత్తురు పారుతున్న దారులు కనిపిస్తున్నాయా?" అని నాకు చూపించేది. సన్నటి ఎర్రటి గీతలు వెలుగులో కనిపించేవి. అవి తెగకుండా దాన్ని కింది వైపుకు తిప్పి గొట్టం కుట్టు మీద పరిచేది. మరీ మందంగా తీస్తే పైచర్మానికి నెత్తురు అందక నల్లబడుతుంది, మరీ పలుచగా తీస్తే పొరే చచ్చిపోతుంది. ఆ మధ్యస్థం చేతికి తెలియాలి. ఆమె చేతికి తెలుసు.

ఈ పద్ధతిని ఎద్దేవా చేసే మనిషి ఊరికి అవతలి పక్క ఇంకో ఆసుపత్రిలో ఉండేవాడు. మేడంకంటే కాస్త పెద్దవాడు, భారీ మనిషి, నవ్వితే కారిడారు చివరిదాకా వినిపించేది. ఆయన్ను మేము సార్ అనేవాళ్ళం. ఆయన అస్తరు వేరు. వృషణాన్ని చుట్టుకుని ఒక నున్నటి పొర ఉంటుంది, ట్యూనికా అంటారు. సార్ కింద చిన్న కోత పెట్టి, ఆ పొరలో ఒక ముక్కను దానికి నెత్తురు తెచ్చే తొడిమెతో సహా విడదీసి, చర్మం కింద దారి చేసి పైకి తెచ్చి కప్పేవాడు. నెలకోసారి ఊళ్ళోని పిల్లల సర్జన్లందరూ ఒకచోట చేరి స్లైడ్లు వేసుకుని, వాదులాడుకుని, చివర్లో బోండాలు తిని కాఫీ తాగి వెళ్ళేవాళ్ళు. అక్కడ వీళ్ళిద్దరూ ఉప్పూ నిప్పూ.

"మన ఇంట్లోనే గుడ్డ ఉండగా పక్కింటికి అడగబోతారెందుకు?" అనేది మేడం. "ఏ తప్పూ చేయని వృషణం జోలికి పోవడమెందుకు? అది పైకి లాక్కుపోతే? అంగం మెలిపడితే?"

"మీ ఇంటి గుడ్డ ఒక్కో పిల్లవాడికి ఒక్కోలా ఉంటుంది. ఒకడికి మంచిది, ఒకడికి చిల్లుల గుడ్డ. నాది ఎప్పుడూ పట్టే" అనేవాడు సార్, బోండా నములుతూ.

మేము చిన్నవాళ్ళం గోడ పక్కన నిలబడి ముసిముసిగా నవ్వుకునేవాళ్ళం. మేడం మనిషిని కాబట్టి నా ఓటు డార్టస్‌కే అని వేరే చెప్పనక్కర్లేదు. అప్పట్లో ట్యూనికా అంటే నాకు కూడా పక్కింటికి అడగబోవడంగానే అనిపించేది.

ఒక పిల్లవాడు వచ్చి ఈ లెక్కలన్నీ తారుమారు చేశాడు.

వాళ్ళది కదిరి వైపు పల్లె. తండ్రి బేల్దారి పని చేసేవాడు, తల్లి సిమెంటు మోసేది. బెంగళూరు అంచున కుందలహళ్ళి దగ్గర పెద్ద పెద్ద అద్దాల ఆఫీసులు లేస్తున్న రోజులవి. అక్కడే రేకుల షెడ్డులో ఉండేవాళ్ళు. పిల్లవాడికి మొదటి ఆపరేషన్ వేరే ఎక్కడో జరిగి విడిపోయింది. రెండోది మా మేడం చేసింది. దగ్గరుండి చూశాను, అంత అందమైన కుట్టు నేను మళ్ళీ చూడలేదు. ఇంటికి పంపిన కొన్నాళ్ళకే వాళ్ళు తిరిగొచ్చారు. కుట్టు పక్కన చిన్న రంధ్రం పడింది, అందులోంచి కారుతోంది. అలాంటప్పుడు వెంటనే మళ్ళీ కత్తి పట్టకూడదు, గాయం మెత్తబడేదాకా నెలల తరబడి ఆగాలి. ఆ నెలల్లో పిల్లవాణ్ణి బడిలో వేశారు. తడిసిన నిక్కరు చూసి తోటి పిల్లలు పేరు పెట్టి ఏడిపించారు. వాడు బడికి పోనని మొండికేశాడు. తెల్లకోటు కనిపిస్తే చాలు, గోడవైపు తిరిగి ముడుచుకుపోయేవాడు. మాతో ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు.

మూడోసారి చేర్చుకోవడానికి వచ్చిన రోజు తండ్రి బెంచీ మీద కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. "ఇదే కడాకు మేడం. ఈ తూరి గూడా కారిందంటే ఇంగ ఆస్పత్రీ లేదు, ఇస్కూలూ లేదు. మా యమ్మతో ఊరికి పంపిస్తా. గొర్రెల ఎంబడి తిరుగుతాడు. ఆడ ఎవురు జూస్తారు వాణ్ణి?"

నేను కన్నడలోకి మార్చి చెప్పాను. మా ఇంటి తెలుగూ వాళ్ళ తెలుగూ దాదాపు ఒకటే కాబట్టి రాయలసీమ వాళ్ళు వస్తే దుబాసీ పని ఎప్పుడూ నాదే.  మేడంకు కోపం రాలేదు, సంజాయిషీ కూడా ఇచ్చుకోలేదు. కుట్టు విడిపోతే చాలామంది పెద్ద డాక్టర్లు చేసే మొదటి పని తల్లిదండ్రుల మీద విరుచుకుపడటం. మేడం అలవాటు వేరు. ఒక ఆపరేషన్ పాడైతే ఇంటివాళ్ళను కూర్చోబెట్టి, ఆసుపత్రి గేటు దాటినప్పటినుంచీ ఏం జరిగిందో వాళ్ళ మాటల్లో చెప్పించుకునేది. మధ్యలో అడ్డు తగిలేది కాదు. మందులు వేశారా, శుభ్రంగా ఉంచారా అనే ప్రశ్నలు వేస్తే అందరూ ఔననే అంటారని ఆమె నమ్మకం. ఈ ఇంటివాళ్ళందరూ ఒకేసారి ఆమెకు దొరికింది ఆ రోజే.

"పోయినసారి ఇంటికెళ్ళాక ఏం చేశారో, పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా చెప్పమను" అంది నాతో.

తల్లి మొదలుపెట్టింది కానీ మాటంతా అవ్వ లాగేసుకుంది. అవ్వ అంటే తండ్రి తల్లి. మనవడి ఆపరేషన్ కోసమే ఊరినుంచి వచ్చి, రేకుల షెడ్డులో పొయ్యి తన చేతిలోకి తీసుకున్న మనిషి.

"పత్తెం జేసినాను డాక్టరమ్మా, కట్టుదిట్టంగా" అంది గర్వంగా. "పప్పు పెడితే సీము పడతాది గదా, పప్పు ముట్టనీలేదు. వంకాయి లేదు, గుమ్మడికాయి లేదు. కారెం మెతుకులు, ఎల్లిగడ్డ. నీళ్ళు తాపితే కుట్లు పచ్చి ఆరవని గొంతు తడిసేంత కాసిన నీళ్ళే ఇచ్చినా. వాడు ఏడ్సినాడు, నేను ఇయ్యలా. నా కోడలు గూడా వానితో పాటు అదే తినింది, అదే తాగింది. మా ఊర్లో పత్తెం అంటే నన్నే అడుగుతారు."

 మా ఇంట్లోనూ ఇదే పత్తెం. బాలింతకు గ్లాసుడు నీళ్ళిస్తే కొంప మునిగినట్టు చూసేవాళ్ళు. ఇన్నాళ్ళూ ఇది మా ఆపరేషన్ పిల్లల ఇళ్ళలోనూ జరుగుతోందని మా ఎవరి బుర్రకూ తట్టలేదు, ఏ ఇంటివాళ్ళూ ఆ మాట ఎత్తలేదు. నీళ్ళు లేకపోతే మూత్రం చిక్కబడుతుంది, గాయం మానేదాకా మూత్రం పోవడానికి మేము పెట్టే సన్నటి ట్యూబు మడ్డి పట్టి మూసుకుపోతుంది. ఉత్త కారం అన్నంతో మలం గట్టిపడి పిల్లవాడు ముక్కుతాడు. ముక్కిన ప్రతిసారీ, దారి దొరకని మూత్రం కుట్టును తన్నుకుని బయటికి వస్తుంది. ఇక దాని మీద ఏ అస్తరు కప్పితే ఏం లాభం? అవ్వ మీద అరవడానికి నోరు తెరిచాను. బల్ల కింద మేడం నా కాలు తొక్కింది.

"ఏం చెప్పిందో చెప్పు. నువ్వేం అనుకున్నావో తర్వాత" అంది.

చెప్పాను. మేడం అవ్వవైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. అందులో విసుగు లేదు, మెచ్చుకోలు ఉంది. "పిల్లవాడు ఏడుస్తుంటే కూడా పట్టు వదల్లేదంటే, ఒక మాట అనుకుంటే ఎంత గట్టిగా చేస్తుందో చూడు. నా వార్డులో అలాంటి మనిషి ఒక్కరూ లేరు" అంది నాతో. ఆ తర్వాత కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, బెంచీ మీద అవ్వ పక్కన కూర్చుంది.

"అవ్వా, ఈ ఆపరేషనుకు పత్తెం వేరే. అది నేను మీకు చెప్పలేదు, అది నా తప్పు. బాలింతకు ఒక పత్తెం, అమ్మవారు పోసినవాళ్ళకు ఇంకో పత్తెం ఉండదా?" అని నాచేత అడిగించింది.

"ఉండాది" అంది అవ్వ, అనుమానంగా.

"వీడి కుట్లు ఉన్నది ఉచ్చ పోసే దారిలో. ఒంట్లో వేడి చేస్తే ఉచ్చ పచ్చగా, మంటగా పోతుంది కదా. ఆ మంట కుట్లకు తగలకూడదు. అందుకని దీనికి చలవ పత్తెం. మజ్జిగ, రాగి అంబలి, ఎళనీరు, బార్లీ నీళ్ళు. వాడి ఉచ్చ నీళ్ళలా తెల్లగా ఉంటే పత్తెం నిలిచినట్టు. పచ్చబడిందంటే పత్తెం చెడినట్టు."

ఎళనీరు అంటే లేత కొబ్బరి నీళ్ళు, బెంగళూరులో అందరూ ఆ కన్నడ మాటే అంటారు.  "ఉడుకు జేస్తాదనేది నిజమే" అంది అవ్వ. "అమ్మవారు పోస్తే మేము గూడా సల్లనివే ఇస్తాం. ఈ మాట ముందే జెప్పింటే నేను అట్లే జేసిందును గదా. నాకు ఎవురు జెప్పినారు?"

ఎవరూ చెప్పలేదన్నది నిజం. మేము 'బాగా నీళ్ళు తాపండి' అని గుమ్మం దగ్గర మాట వరసకు అనేవాళ్ళం. పత్తెం అన్నది ఆజ్ఞ. ఆ రెండింటికీ ఉన్న తేడా కన్నడావిడ అయిన మేడం ఒక్క ఉదయంలో పట్టుకుంది. పత్తెంలోనే పుట్టి పెరిగిన నాకు తోచలేదు. ఆ రోజు ఆమె మీద నాకు కలిగిన గౌరవం ఏ ఆపరేషన్ చూసీ కలగలేదు.

నీళ్ళ సంగతి తేలింది. అస్తరు సంగతి మిగిలింది. పిల్లవాణ్ణి పరీక్షించి మేడం పెదవి విరిచింది. రెండు ఆపరేషన్లలో ముందోలు మొత్తం వాడేశారు. దగ్గరలో ఎక్కడ చూసినా గట్టిబడిన మచ్చే తప్ప, నెత్తురు బాగా పారే పొర మిగల్లేదు. అలాంటి చోట రంధ్రాన్ని ఉత్తినే మూసేస్తే మళ్ళీ విడిపోతుంది. నేనక్కడే ఉన్నాను. ఆమె ఫోన్ తీసి అవతలి ఆసుపత్రికి చేసింది.

"మీ పొర కావాలి. మీ చేతులతో సహా" అంది.

అవతల సార్ నవ్వుతాడని నేను ఊహించాను. నవ్వలేదట. ఎప్పుడు రావాలో మాత్రం అడిగాడట.

ఆపరేషన్ రోజు ఆయన చెప్పిన వేళకంటే ముందే వచ్చాడు. థియేటర్లో మా డిపార్టుమెంటు వాళ్ళంతా చేరారు, తమాషా చూడటానికేనని వేరే చెప్పాలా. మేడం గ్లవ్స్ వేసుకుని, ఎప్పుడూ తను కూర్చునే స్టూలు చూపించి సార్‌ను కూర్చోమంది. తను ఎదురుగా నిలబడింది. "ఇవాళ సర్జన్ ఆయన. అసిస్టెంట్ నేను. నువ్వు నాకు అసిస్టెంట్, కాబట్టి నోరు మూసుకుని దారాలు కత్తిరించు" అంది నాతో. డిపార్టుమెంటుకు హెడ్డు, ఊళ్ళోని సగం మంది పిల్లల సర్జన్లకు గురువు, ఆ రోజు గాయాన్ని తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకుని నిలబడింది.

సార్ మాత్రం తక్కువ తిన్నాడా? రంధ్రం అంచులు శుభ్రం చేశాక సూది పట్టుకున్న చేతిని ఆపి, ఆమెవైపు జరిపాడు. "ఈ లోపలి కుట్టు మీరు వేయండి. మీలా నాకు రాదు, వచ్చినట్టు నటించను." మేడం సూది అందుకుని వేసింది. ఆ తర్వాత ఆయన కింద కోత పెట్టి వృషణం చుట్టూ ఉన్న పొరను తీశాడు. నేను అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. తడిగా, నున్నగా, మెరుస్తూ ఉంది. పట్టు అని ఆయన అన్నది కోతలు కోయడం కాదని అప్పుడు తెలిసింది.

మేడం ప్రశ్నలు వేస్తూనే ఉంది, మొదటి ఏడాది విద్యార్థిలా. తొడిమెను పైదాకా ఎంత విడిపించాలి? చాలకపోతే అంగం మెలి తిరుగుతుంది కదా, చాలిందని ఎలా తెలుస్తుంది? వృషణాన్ని తిరిగి పెట్టేటప్పుడు ఎక్కడ కుడతారు? సార్ ఒక్కోదానికి ఓపిగ్గా, ఎకసెక్కాలు లేకుండా జవాబు చెప్పాడు. పొర వదులుగా, లాగకుండా వచ్చి రంధ్రం కుట్టు మీద పరుచుకుంది. మేడం దీపానికి ఎదురుగా చూసి, "బాగుంది" అంది. ఇన్నేళ్ళ వాదనలో ఆమె నోటినుంచి ఆయనకు దక్కిన మొదటి మెచ్చుకోలు అది. సార్ మాస్కు వెనక నవ్వాడని చెవులు కదలడం చూసి కనిపెట్టాను.

ఆ తర్వాత వార్డు అవ్వ రాజ్యమైంది. ట్యూబును పిల్లవాడి మొలతాడుకు వదులుగా కట్టి, పక్కన గిన్నె పెట్టాం. మొలతాడు తెంపమని ఏ థియేటర్‌లోనైనా అంటారు కానీ మేడం ఎప్పుడూ తెంపనిచ్చేది కాదు. ట్యూబు జారకుండా దానికంటే మంచి ఆధారం లేదనేది. అవ్వ గిన్నెలోని రంగు చూడటం, గ్లాసు ఎత్తడం. పిల్లవాడు వద్దంటే ఊరుకునేది కాదు. "పత్తెం చెడుతాది, తాగు" అని తాపేది. పక్క మంచాల తల్లులకు కూడా ఆమే పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. మా సిస్టర్లు రోజూ మొత్తుకున్నా తాపని నీళ్ళు అవ్వ గదమాయింపుతో వార్డంతా తాగింది. కోడలు కూడా అత్త హుకుం ప్రకారం కొడుకుతో సమానంగా మజ్జిగ తాగేది. ఆ అమ్మాయికి ఆ కొద్ది రోజుల్లోనే ముఖం తేటపడింది.

నెలలు గడిచాక మీటింగులో మేడం ఈ కేసు స్లైడ్లు వేసినప్పుడు సార్ లేచి, "ఇప్పటికైనా ఒప్పుకుంటారా, నా పొర గెలిచిందని?" అన్నాడు. మేడం, "నా మజ్జిగ గెలిచింది" అంది. హాలంతా నవ్వింది. నవ్వు ఆగాక ఆమె అసలు మాట చెప్పింది. "రెండూ ఒకేసారి మార్చాను. అందుకని ఏది పనిచేసిందో నాకు తెలియదు. తెలిసినట్టు మీకు చెప్పలేను." అంత పెద్ద మనిషి, అంతమంది ముందు, బాగుపడిన పిల్లవాణ్ణి పక్కన పెట్టుకుని, తెలియదు అని చెప్పడం నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. ఆ తర్వాత ఆమె రెండు పొరలనూ పక్కపక్కన పెట్టి చూడటం మొదలుపెట్టింది, అందరికీ ఒకే నీళ్ళ పత్తెం పెట్టి. సార్ తన వార్డులోనూ అదే పత్తెం పెట్టించాడు. నా చేతులకు ఈ పని వచ్చాక నాకు అర్థమైందిది: మొదటి ఆపరేషన్‌లో దగ్గరి పొర బాగుంటే అదే చాలు, ఇంకో చోట కోత దండగ. పాడైన చోట మళ్ళీ చేయాల్సి వస్తే సార్ పట్టుకు సాటి లేదు. ఇద్దరూ గొప్పవాళ్ళే. ఈ మాట వాళ్ళిద్దరిలో ఎవరి ముందు అన్నా నాకు చీవాట్లు పడేవి.

ఆ పిల్లవాణ్ణి తర్వాత కూడా చాలాకాలం చూశాం. ఎక్కడా కారలేదు, వృషణం చోటు మారలేదు, మెలి పడలేదు. మొదటి ధార చూసి సంబరపడకూడదని, నెలలు ఆగాలని నా విద్యార్థులకు నేనే చెబుతాను. కానీ నాకు కళ్ళకు కట్టినట్టు ఉన్నది ట్యూబు తీసిన ఆ ఉదయమే.

ట్యూబు తీశాక మూత్రం ఎటునుంచి వస్తుందో చూడాలి. వాడికి అప్పటికే కడుపునిండా మజ్జిగ తాపి ఉంది. వార్డు చివర బాత్రూం దగ్గర అందరం చేరాం. జూనియర్లు, సిస్టర్లు, నేను, మేడం. ఇటువైపు పనుందని అబద్ధం చెప్పి సార్ కూడా వచ్చాడు. పిల్లవాడు ఆ గుంపును ఒకసారి చూసి, గోడవైపు తిరిగి, రెండు కాళ్ళూ దగ్గరికి చేర్చి నిలబడిపోయాడు. తండ్రి బతిమాలాడు. అవ్వ గదమాయించింది. లాభం లేకపోయింది.

"ఇంతమంది చూస్తుంటే మీకెవరికైనా వస్తుందా?" అని మేడం మమ్మల్ని కసిరింది. అందరినీ బయటికి నడిపించింది, సార్‌తో సహా, తనతో సహా. లోపల తండ్రీ కొడుకూ మిగిలారు. తలుపు వేశారు.

కారిడారులో మేడమూ సారూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. తల్లి కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. అవ్వ పెదాలు కదులుతున్నాయి, ఏ దేవుడికి ఏం మొక్కుతోందో తెలియదు. లోపల కొళాయి తిప్పిన చప్పుడయింది, ఆగిపోయింది. ఎంతకీ ఎవరూ రారు.  మళ్ళీ కారితే ఆ తండ్రి ముఖం ఎలా చూడాలా అని నేను నేలవైపు చూస్తున్నాను.

తలుపు తెరుచుకుంది. తండ్రి బయటికొచ్చాడు. చొక్కా గుండెల దగ్గరనుంచి పొట్ట దాకా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది.  కుట్టు విడిపోయి చిమ్మిందనే అనుకున్నాను. మేడం లేచి నిలబడింది.

 "వాని ముందర గొంతుక్కుచ్చున్నా మేడం, కింద కారతాదేమోనని. కిందికే జూస్తాండా" అన్నాడు తండ్రి. "నేరుగా నా రొమ్ము మింద కొట్టినాడు. ఒగటే ధార, మేడం. ఒగటే ధార." తడిసిన చొక్కాను రెండు చేతులా పట్టుకుని అందరికీ చూపించాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఆయనకే తెలియదు. సార్ బెంచీ మీదనుంచి లేవలేక లేచి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. నేను ఏడ్చాను, దాచుకోలేదు. జూనియర్లంతా ఒక్కసారిగా ఆ తలుపువైపు తోసుకొచ్చారు, తమ కళ్ళతో చూడాలని.

అప్పుడు లోపలినుంచి, మాతో ఇన్నాళ్ళూ ఒక్క మాట మాట్లాడని ఆ గొంతు గట్టిగా వినిపించింది.

"వాకిలెయ్యి నాయినా! ఇంగా అయిపోలా!"

మేడం చెయ్యి అడ్డంపెట్టి మా అందరినీ ఆపింది. తనే ముందుకు వెళ్ళి, లోపలికి తొంగి చూడకుండా, ఆ తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.